తూటా మార్చి చూడండి

‘ఫాల్‌అవుట్: న్యూ వెగాస్’ ఆట గురించి పోయిన సంచికలో రాస్తూ, అందులోని తూటాల సంగతి ఒక్క పేరాలో సరిపెట్టాను. అది చాలలేదని ఉత్తరాలు రాసిన వారందరికీ కృతజ్ఞతలు. ఈసారి శీర్షిక మొత్తం తూటాలకే. అణుయుద్ధం తర్వాత మిగిలిన లోకంలో నడిచే ఆటలను నేను పదిహేనేళ్లుగా ఆడుతున్నాను. మా నాన్నగారికి తెనాలిలో ఇత్తడి సామాన్ల కొట్టు ఉండేది. ఏ వస్తువునైనా చేత్తో తూచి, గోటితో మోగించి చూడటం నాకు అక్కడే అలవాటైంది. ఈ ఆటల్లో తూటా కూడా అలాంటి వస్తువే. దానికో బరువుంది, ధర ఉంది, ఎవరో కూర్చుని చేసిన పనితనం ఉంది. వేరే ఆటల్లో తెర మూలన తిరిగే అంకె మాత్రమే.

ప్రశ్న: న్యూ వెగాస్‌లో ఒకే 5.56 తుపాకీకి మూడు నాలుగు రకాల తూటాలు దొరుకుతున్నాయి. హాలో పాయింట్ తూటాకు దెబ్బ ఎక్కువ అని చూసి నా దగ్గరున్న డబ్బంతా వాటికే పెట్టాను. క్వారీ జంక్షన్ అనే చోట డెత్‌క్లా అనే భయంకర జంతువు మీద అవి ఏమాత్రం పని చేయలేదు. తప్పు ఆటదా, నాదా?
— ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

ఆటలో తప్పు లేదు. తూటా పక్కన రెండు ముక్కలు రాసి ఉంటాయి. మీరు మొదటిది చదివి రెండోది వదిలేశారు. హాలో పాయింట్‌కు దెబ్బ 1.75 రెట్లు, దాని వెంటే డీటీ 3 రెట్లు. మిమ్మల్ని చంపింది ఆ రెండో ముక్క.

డీటీ అంటే డ్యామేజ్ థ్రెషోల్డ్. తూటా తగిలినప్పుడు ఎదుటివారి కవచమో, ఎదుటి జంతువు తోలో ముందుగా మింగేసే దెబ్బ అది. డెత్‌క్లా తోలుకు ఇది 15. ఒక కాగితం తీసుకోండి. లెక్క సులువుగా ఉండటానికి మీ తూటా బలం 30 అనుకుందాం. మామూలు తూటా అయితే 30లో 15 పోయి 15 తగులుతుంది. హాలో పాయింట్ బలం 52.5 అవుతుంది, కానీ ఆ తూటా ఎదుట డెత్‌క్లా తోలు 45 అయి కూర్చుంటుంది. మిగిలేది ఏడున్నర. తోలు ఎంత మందమైనా తూటా బలంలో 20 శాతమైనా తగలాలని ఆటలో ఒక నియమం ఉంది కాబట్టి 10.5 వేసుకోండి. ఇప్పుడు కవచాన్ని చీల్చే తూటా, ఆర్మర్ పియర్సింగ్ సంగతి చూడండి. 5.56లో అది డీటీని 15 తగ్గిస్తుంది. 15లో 15 పోతే తోలు ఉన్నా లేనట్టే. దాదాపు 30కి 30 తగులుతుంది. అంటే అదే జంతువును పడగొట్టడానికి ఆర్మర్ పియర్సింగ్ తూటాలు పది చాలినచోట హాలో పాయింట్ తూటాలు ముప్పై దాకా కావాలి. ముప్పై కాల్చేంత సేపు డెత్‌క్లా మిమ్మల్ని నిలబడనివ్వదు.

అలాగని హాలో పాయింట్ పనికిరాని సరుకు కాదు. గుడ్‌స్ప్రింగ్స్ ఊరి నీటి ఊటల దగ్గర ఆట మొదట్లో మీరు చంపిన పెద్ద బల్లులు, ఆ గెక్కోలను తలుచుకోండి. కవచం లేని ఒంటి మీద ఆ 52.5 మొత్తం దిగుతుంది. సున్నాను మూడు రెట్లు చేసినా సున్నాయే కదా. అక్కడ ఆర్మర్ పియర్సింగ్ వాడితే ఖరీదైన తూటా వృథా.

నేను కూడా మొదటిసారి గుడ్‌స్ప్రింగ్స్ నుంచి ఉత్తరం దారి పట్టాను. మ్యాపులో వెగాస్‌కు అదే దగ్గర. స్లోన్ దగ్గర పనివాళ్లు అటు వెళ్లవద్దని చెప్పారు. వినలేదు. క్వారీ అంచున రాయి వెనక కూర్చుని, గురి చూసి కాల్చాను. తూటా తగిలింది. డెత్‌క్లా ప్రాణం చూపించే గీత మాత్రం కదలలేదు. ఆ గీత పక్కన చిన్న ఎర్రటి డాలు బొమ్మ వెలిగింది. అదేమిటో అప్పటికి నాకు తెలియదు. తెలుసుకునే లోపే డెత్‌క్లా మీదికి వచ్చేసింది. ‘నీ దెబ్బ కవచం దాటడం లేదు’ అని ఆట చెప్పే మాట ఆ ఎర్ర డాలు. చాలా రోజుల తర్వాత అదే రాయి దగ్గరికి వెళ్లి, అదే కాల్పు కాల్చి, డాలు కనిపించగానే కీబోర్డు మీద 2 నొక్కాను. తుపాకీలో తూటా రకం మారింది. తర్వాతి కాల్పుకు డాలు లేదు. గీత తెగిపడింది. ఈ ఆటలో నాకు బాగా గుర్తుండిపోయిన క్షణం అది. గెలిచినందుకు కాదు, ఎదుట ఉన్నదాన్ని చూసి నిర్ణయం మార్చుకున్నందుకు.

కాబట్టి రెండు రకాలూ దగ్గర ఉంచుకోండి. మామూలు రోజుల్లో హాలో పాయింట్ నింపి నడవండి, ఎర్ర డాలు కనిపిస్తే మార్చండి. టీ-51బీ పవర్ ఆర్మర్ తొడుక్కున్నవారి డీటీ 25. వారి ముందు ఆర్మర్ పియర్సింగ్ కూడా పూర్తిగా గెలవదు, ఇంకా 10 మిగులుతుంది. అప్పుడు క్యాలిబర్, అంటే తూటా కొలతే, మార్చాలి. .308కో, .50కో వెళ్లాలి. ఈ తూటాలు కావాలంటే ఫ్రీసైడ్ పక్కన గన్ రన్నర్స్ కొట్టు దగ్గర, కిటికీ వెనక నిలబడి అమ్మే రోబోను అడగండి. ధర ఎక్కువే. అందుకే మొత్తం డబ్బు ఒకే రకం మీద పోయవద్దు.

ప్రశ్న: హాలో పాయింట్ అనేది ఆట కోసం కల్పించినదా, నిజంగా ఉందా? మా అబ్బాయి ఆడుతుంటే చూసి అడుగుతున్నాను.
— చరిత్ర ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

నిజంగా ఉంది. దాని పూర్వచరిత్ర మన దేశంలోనే ఉందని చెబితే మీకు నచ్చుతుందనుకుంటాను. కలకత్తా పక్కన డమ్‌డమ్‌లో బ్రిటిష్ వారి ఆయుధ కర్మాగారం ఉండేది. 1890లలో అక్కడ, తూటా మొన మీద లోహపు తొడుగు తీసేసి లోపలి సీసం బయటికి కనిపించేలా ఒక తూటా తయారు చేశారు. ఒంట్లోకి దిగగానే ఆ మెత్తటి మొన పుట్టగొడుగులా విచ్చుకుని గాయాన్ని పెద్దది చేస్తుంది. ఆ ఊరి పేరుతోనే వాటిని ప్రపంచమంతా డమ్‌డమ్ తూటాలు అంది. 1899లో హేగ్‌లో జరిగిన సమావేశంలో, మనిషి ఒంట్లో తేలికగా విచ్చుకునే తూటాలను యుద్ధంలో వాడరాదని ప్రకటన చేశారు. హాలో పాయింట్ ఆ కుటుంబంలోదే. మొనలో చిన్న గుంట ఉంటుంది, తగిలినప్పుడు అక్కడి నుంచి విచ్చుకుంటుంది.

ఆట రాసినవారు ఈ నిజాన్ని ఎంత శ్రద్ధగా అంకెల్లోకి తెచ్చారో చూడండి. విచ్చుకునే తూటా మెత్తటి ఒంటి మీద ఘోరంగా పని చేస్తుంది, గట్టి రేకు మీద అక్కడే చితికి ఆగిపోతుంది. 1.75 రెట్లు, 3 రెట్లు అన్న రెండు అంకెల్లో ఈ రెండు స్వభావాలూ ఉన్నాయి. మీ తరగతిలో హేగ్ ప్రకటన గురించి చెప్పే రోజు వస్తే మీ అబ్బాయినీ, వాడి స్నేహితులనూ ముందు బెంచీలో కూర్చోబెట్టండి. ఆ తూటా ఒంటికి ఏం చేస్తుందో తెర మీద చూసిన పిల్లలకు, దాన్ని ఎందుకు వద్దన్నారో కూడా తెలియాలి.

ప్రశ్న: ఆటలో తూటాలు చేత్తో నింపుకునే రీలోడింగ్ బెంచ్ దగ్గర గంటలు గంటలు గడిపేవారి గురించి రాశారు. కొట్టులో కొనుక్కుంటే పోయేదానికి అంత శ్రమ అవసరమా?
— బ్యాంకు ఉద్యోగి, ఖమ్మం

డబ్బు లెక్కలో అయితే ఆట చివరికి వచ్చేసరికి మీ దగ్గర ఎలాగూ కావలసినంత ఉంటుంది. కానీ బెంచ్‌ను డబ్బు లెక్కతో చూడకండి.

న్యూ వెగాస్‌లో తుపాకీ కాల్చాక కొన్ని ఖాళీ గుల్లలు తిరిగి మీ సంచిలోకి వస్తాయి. అన్నీ రావు. ఇత్తడి గుల్లలు అవి. మొదటిసారి ఆ పట్టికలో ‘కేస్’ అన్న మాట, పక్కన పెరుగుతున్న అంకె చూసినప్పుడు నాకు మా కొట్టు గుర్తొచ్చింది. పాత ఇత్తడి తెచ్చిన వాళ్లకు తూకం వేసి, మజూరీ కలిపి, కొత్త బిందె ఇచ్చేవారు నాన్నగారు. సొట్టలు పడిన చెంబు, చెవి ఊడిన గుండిగ, పగిలిన గంట అన్నీ గోనెసంచిలో చేరి, కొలిమికి వెళ్లి, మళ్లీ సామానై వచ్చేవి. ఇత్తడి పారేసే వస్తువు కాదని ఆ ఇంట్లో పుట్టిన వారందరికీ తెలుసు. యుద్ధం తర్వాతి లోకానికి కూడా అదే తెలియాలి. కర్మాగారాలు ఆగిపోయిన చోట ఒక గుల్ల ఎన్నిసార్లు నింపితే అన్ని తూటాలు.

బెంచ్ దగ్గర నాలుగు వస్తువులు కావాలి. గుల్ల, ప్రైమర్, తుపాకీ మందు, సీసం. ప్రైమర్ అంటే గుల్ల అడుగున నిప్పు పుట్టించే చిన్న బిళ్ల. పిస్తోలుకు వేరు, రైఫిల్‌కు వేరు, మళ్లీ వాటిలో చిన్నవి, పెద్దవి. మందు కూడా పిస్తోలు మందు, రైఫిల్ మందు అని విడివిడిగా ఉంటుంది. మీకు అక్కర్లేని క్యాలిబర్ తూటాలు దారిలో బోలెడు దొరుకుతాయి. వాటిని బెంచ్ మీద విడగొడితే ఈ సరుకంతా చేతికి వస్తుంది. నా పద్ధతి చెబుతాను. పిస్తోలు వాడను కాబట్టి 9 ఎం.ఎం., 10 ఎం.ఎం. తూటాలన్నీ విడగొట్టి, సీసం ఒక్కటే ఉంచుకుంటాను. సీసం ఏ తూటాకైనా పనికొస్తుంది. ఎప్పుడూ తక్కువ పడేది రైఫిల్ ప్రైమర్లు. కొట్లలో కనిపించిన ప్రతిసారీ అవే కొంటాను.

రిపేర్ నైపుణ్యం 70కి చేరి, ఆరో లెవెల్ వచ్చాక హ్యాండ్ లోడర్ అనే పెర్క్, అంటే ఆట ఇచ్చే ప్రత్యేక సామర్థ్యం, తీసుకోండి. గుల్లలు ఎక్కువగా తిరిగి వస్తాయి. కొట్టులో దొరకని, చేత్తో మాత్రమే చేయగల తూటాలు తెరుచుకుంటాయి. .308 జేఎస్‌పీ తూటా అలాంటిదే. దెబ్బ బాగా పెరుగుతుంది, తుపాకీ మాత్రం త్వరగా అరుగుతుంది. ఆ అరుగుదలను మరచిపోవద్దు. ఎక్కువ ఒత్తిడితో పేలే తూటా గొట్టాన్ని తింటుంది, ఇది నిజ జీవితంలోనూ అంతే. దీనికి ఎదురు కొసన .223 తూటా ఉంది. 5.56 తుపాకీలో పడుతుంది, దెబ్బ కాస్త తక్కువ, అరుగుదల కూడా తక్కువ. మంచి తుపాకీ దొరికి, బాగుచేసుకోవడానికి అలాంటిదే మరొకటి దొరకనప్పుడు నేను రోజువారీ పనికి .223 వేసుకుంటాను. లేజర్ ఆయుధాల వారికీ ఇదే తూకం వస్తుంది. వాటిలో తూటాల బదులు వేసే బ్యాటరీల్లో ఓవర్ ఛార్జ్, మాక్స్ ఛార్జ్ సెల్స్ దెబ్బ పెంచి ఆయుధాన్ని అరగదీస్తాయి, బల్క్ సెల్స్ చవక, దెబ్బ తక్కువ.

మీరు బ్యాంకులో పని చేస్తారు కదా. ఇది పూర్తిగా మీ ఆటే. ఒక వారం ఆడి చూసి మళ్లీ రాయండి.

ప్రశ్న: 20 గేజ్ కంటే 12 గేజ్ షాట్‌గన్ బలమైనదని ఆటలో ఉంది. అంకె చిన్నదైతే బలం ఎక్కువ ఎలా అవుతుంది?
— పదో తరగతి విద్యార్థి తండ్రి, నంద్యాల

తుపాకీ గొట్టంలో సరిగ్గా పట్టేంత సీసపు గుండు ఒకటి పోసి, అలాంటివి ఎన్ని కలిపితే ఒక పౌను తూగుతాయో ఆ సంఖ్యే గేజ్. పౌను అంటే దాదాపు 454 గ్రాములు. 12 గుండ్లకే పౌను తూగిందంటే ఒక్కో గుండు పెద్దది, గొట్టం వెడల్పు. 20 గుండ్లు కావాలంటే గుండు చిన్నది, గొట్టం సన్నం. తక్కెడతో పుట్టిన కొలత కాబట్టి అంకె తిరగబడింది.

ఇంకో మాట. న్యూ వెగాస్ షాట్‌గన్‌లో మామూలు తూటా కాలిస్తే ఏడు చిన్న గుండ్లు విడివిడిగా వెళ్తాయి. కవచం ప్రతి గుండు నుంచీ తన డీటీ విడిగా మింగుతుంది. అందుకే దగ్గరి నుంచి కాల్చినా కవచం ఉన్నవారికి షాట్‌గన్ దెబ్బ అంతగా ఆనదు. దానికి విరుగుడు రెండు రకాలు: ఒకే పెద్ద గుండు ఉండే స్లగ్ తూటా వాడటం, లేదా 10 డీటీని పక్కనపెట్టే షాట్‌గన్ సర్జన్ పెర్క్ తీసుకోవడం. ఇక బీన్‌బ్యాగ్ తూటా ఎదుటివారిని చంపకుండా స్పృహ తప్పిస్తుంది. చాలామంది దాన్ని అమ్మేస్తారు. నేను అమ్మను. సంభాషణతో ఆగని, చంపడానికి మనసొప్పని మనిషి ఎదురైనప్పుడు ఆటలో తుపాకీతో చేయగలిగిన దయ అదొక్కటే.

ప్రశ్న: పాత ఫాల్‌అవుట్ మొదలుపెట్టాను. మీరు చెప్పినట్టు కవచం ఉన్నవారి మీద ఆర్మర్ పియర్సింగ్ వాడుతున్నాను. ఏమీ జరగడం లేదు.
— డిగ్రీ విద్యార్థిని, కరీంనగర్

ఆగండి, అక్కడ నా మాట చెల్లదు. 1997 నాటి ఫాల్‌అవుట్‌లోనూ, 1998 నాటి రెండో భాగంలోనూ లెక్క వేరు. 10 ఎం.ఎం. ఆర్మర్ పియర్సింగ్ తూటా కవచాన్ని కొంత తగ్గిస్తుంది, కానీ తన దెబ్బను సగం చేసుకుంటుంది. జేహెచ్‌పీ అనే హాలో పాయింట్ తూటా కవచం చేసే రక్షణను పెంచినా దెబ్బను రెట్టింపు చేస్తుంది. కూడి తీసి చూస్తే దాదాపు ఎప్పుడూ జేహెచ్‌పీయే గెలుస్తుంది. పేరు చూసి, తర్కం ప్రకారం ఆలోచించి ఎంచుకున్న ఆటగాడు ఓడిపోతాడు. ఎంతో ప్రేమతో చేసిన ఆటలో ఈ ఒక్క పొరపాటు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఆర్మర్ పియర్సింగ్ అమ్మేసి జేహెచ్‌పీ కొనండి.

2008లో వచ్చిన మూడో భాగంలో రకాలే లేవు, క్యాలిబర్‌కు ఒకే తూటా. న్యూ వెగాస్ చేసినవారు రెండేళ్ల తర్వాత రకాలను మళ్లీ తెచ్చి, ఈసారి లెక్క సరిచేశారు. 2015 నాటి నాలుగో భాగం వాటిని మళ్లీ తీసేసింది. ఆ భాగం నేను పూర్తి చేశాను, రెండోసారి మాత్రం ఆడలేదు.

ప్రశ్న: మెట్రో 2033లో తూటాలే డబ్బు అంటారు. పూర్తిగా రోల్ ప్లేయింగ్ ఆట కాదని తెలుసు. అయినా మీ అభిప్రాయం కావాలి.
— మెడికల్ రెప్రజెంటేటివ్, విశాఖపట్నం

మీ ఉత్తరం వచ్చిన రాత్రి మళ్లీ ఆ ఆట తెరిచాను.

కీవ్ నగరంలో మొదలైన 4ఏ గేమ్స్ సంస్థ 2010లో తెచ్చిన ఆట ఇది. అణుయుద్ధం తర్వాత మాస్కో మెట్రో సొరంగాల్లో బతుకుతున్న మనుషుల కథ. పైన గాలి విషం. స్టేషన్లే ఊళ్లు. అక్కడ రెండు రకాల తూటాలు ఉంటాయి. సొరంగాల్లో చేతులతో నింపుకున్న నాసిరకం తూటాలు ఒకటి, యుద్ధానికి ముందు సైన్యం కోసం చేసిన మేలిరకం తూటాలు రెండోది. ఆ రెండో రకమే నాణెం. తుపాకీ కావాలన్నా, మందుల పెట్టె కావాలన్నా, గాలి వడకట్టే మాస్కు ఫిల్టరు కావాలన్నా ఆ తూటాలు లెక్కపెట్టి ఇవ్వాలి.

ఇప్పుడు ఈ సందర్భం ఊహించండి. చీకటి. మాస్కు అద్దం మీద ఆవిరి. మామూలు తూటాలు అయిపోయాయి. ఎదురుగా గోళ్లు నేలను గీస్తున్న చప్పుడు. మీ తుపాకీలో మేలిరకం తూటాలు నింపవచ్చు, వాటి దెబ్బ కూడా ఎక్కువే. కానీ కాల్చే ప్రతి తూటా తర్వాతి స్టేషన్‌లో మీరు కొనలేకపోయే ఫిల్టరు. ప్రాణం కాపాడుకోవడానికి ఊపిరి ఖర్చు పెడుతున్నారు. మన పెద్దలు డబ్బు నీళ్లలా ఖర్చవుతోందంటారు. ఈ ఆటలో అది నిప్పులా ఖర్చవుతుంది, దాని వెలుగు కూడా మీ కళ్ల ముందే కనిపిస్తుంది. ఒక వస్తువుకు రెండు విలువలు ఇచ్చి, ఏది ముఖ్యమో ఆ క్షణంలోనే తేల్చమని ఇంత సూటిగా అడిగిన ఆట నేను మరొకటి చూడలేదు.

మీకు నా సలహా టిఖార్ అనే తుపాకీ. మందుతో కాదు, గాలి ఒత్తిడితో పని చేస్తుంది. తూటా బదులు ఉక్కు బాల్ బేరింగులు వెళ్తాయి. చప్పుడు ఉండదు, ఆ గుండ్లు చవక. కానీ గాలి మీరే కొట్టుకోవాలి. తుపాకీ పక్కన ఒత్తిడి చూపించే ముల్లు ఉంటుంది. సైకిల్ ట్యూబుకు పంపు కొట్టినట్టు కొడుతూ ఆ ముల్లు పైకి ఎక్కడం చూడాలి. ముల్లు కిందికి దిగిపోతే గుండు బయటికి వెళ్తుంది, కానీ చంపదు. రెండు కాల్పుల మధ్య ఆగి, చీకట్లో గోడకు ఆనుకుని పంపు కొట్టే ఆ కొన్ని సెకన్లలో నా గుండె చప్పుడు నాకు వినిపిస్తుంది. మూడో భాగం మెట్రో ఎక్సోడస్ 2019లో వచ్చింది. అందులో తూటాలను డబ్బుగా వాడటం తీసేసి, దొరికిన తుక్కు, రసాయనాలతో సరుకు చేసుకునే పద్ధతి పెట్టారు. అదీ మంచి ఆటే. నేను మాత్రం ఆ తూటాల కోసం మొదటి దాని దగ్గరికే వెళ్తాను.

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయి తొమ్మిదో తరగతి. మీరు చెప్పే ఆట ఆడుతూ ఒక నోటుబుక్కులో ఏ తుపాకీకి ఎన్ని తూటాలు మిగిలాయో రోజూ రాసుకుంటున్నాడు. నాకు భయంగా ఉంది.
— గృహిణి, ఒంగోలు

అమ్మా, మీ భయంలో సగం న్యాయం ఉంది. న్యూ వెగాస్ పదిహేడేళ్లు దాటినవారి కోసమని ఆట పెట్టె మీదే రాసి ఉంటుంది. అందులో నరికిన తలలు, శిలువ వేసిన మనుషులు కనిపిస్తారు. తొమ్మిదో తరగతి అబ్బాయికి అది తగదు. ఆట పక్కనపెట్టమని చెప్పండి, ఎందుకో కూడా చెప్పండి. ఇంకో మూడేళ్ల తర్వాత ఆడుకోవచ్చని మాట ఇవ్వండి, ఆ మాట నిలబెట్టుకోండి.

నోటుబుక్కు గురించి మాత్రం భయపడవద్దు. ఆ పుస్తకం ఒకసారి అడిగి చూడండి. నా దగ్గర కూడా అలాంటివి నాలుగున్నాయి. ఎడమవైపు వచ్చినవి, కుడివైపు పోయినవి, అడుగున నిల్వ. మీ అబ్బాయి ఎవరూ చెప్పకుండా చిట్టా రాయడం నేర్చుకున్నాడు. ఆట ఆపించినా ఆ అలవాటు ఆపించకండి. ఇంటి సరుకుల లెక్కో, పాల లెక్కో వాడికి అప్పగించి చూడండి.

ప్రశ్న: లాస్ ఏంజెలెస్ నుంచి లాస్ వెగాస్ వెళ్లే దారిలో ప్రిమ్ ఊరు దాటుతుంటే ప్రతిసారీ న్యూ వెగాస్ గుర్తొస్తుంది. ఆట మూడుసార్లు పూర్తి చేశాను. మూడుసార్లూ చివర్లో వేల కొద్దీ మంచి తూటాలు వాడకుండా మిగిలిపోయాయి. దీనికి మార్గం ఉందా?
— ఇర్వైన్, కాలిఫోర్నియా నుంచి ఒక పాఠకుడు

మీరు ప్రిమ్ దాటుతున్నారంటే అసలు గుడ్‌స్ప్రింగ్స్ కూడా పెద్దదారికి కొద్ది మైళ్ల దూరంలోనే ఉంది. ఈసారి కారు అటు తిప్పండి. ఆటలోని సెలూన్‌కు మూలమైన పాత సెలూన్ అక్కడ ఇప్పటికీ ఉంది. నాకు ఆ అదృష్టం కలగలేదు. మీరు చూసి వస్తే రెండు ముక్కలు రాయండి.

తూటాల సంగతికి వస్తే, మా కొట్టులో ఒక గంగాళం ఉండేది. అజ్జరం నుంచి తెప్పించినది. ఎవరైనా బేరానికి వస్తే ‘అది మంచి చోటికి వెళ్లాలి’ అని నాన్నగారు ఇచ్చేవారు కాదు. కొట్టు మూసేసిన రోజు కూడా అది అక్కడే ఉంది. పెద్ద యుద్ధం కోసమని మనం దాచిన .50 తూటాలు ఆట చివరి యుద్ధం జరిగే హూవర్ డ్యామ్ దగ్గర కూడా బయటికి రావు, ఇంకా పెద్దది ఏదో వస్తుందనిపిస్తుంది. ఆ అలవాటును సంకల్పంతో మార్చుకోవడం కష్టం. ఆట నియమాన్ని మార్చడం సులువు.

నాలుగోసారి హార్డ్‌కోర్ మోడ్‌లో మొదలుపెట్టండి. ఆ మోడ్‌లో తూటాలకు బరువు ఉంటుంది. దాహం, ఆకలి, నిద్ర కూడా ఉంటాయి. నీళ్ల సీసాకూ, తూటాల పెట్టెకూ ఒకే సంచి. మొదటి రెండు రోజులు మీరు అన్నీ మోస్తారు, అడుగు ముందుకు పడదు. మూడో రోజు నుంచి ఊరు దాటే ముందు కూర్చుని ఆలోచిస్తారు. అటువైపు ఎవరున్నారు? ఒంటి మీద కవచం ఉందా? ఎంత దూరం నుంచి కాల్చాలి? నేను నా గదిలో పెట్టె మూత తెరిచి, ఆర్మర్ పియర్సింగ్ నలభై, హాలో పాయింట్ నూట ఇరవై, స్లగ్ తూటాలు పది తీసుకుని, మిగిలినవి అక్కడే వదిలి బయలుదేరతాను. ఆ నలభైలో ఏ రోజూ ఐదుకు మించి తిరిగి రాలేదు.